అభిమాన నటుడు పోయిన రోజు: మొదటి ఆరు గంటలు

(అనంతపురంలో అభిమాన సంఘాల బాధ్యులు, థియేటర్ల మేనేజర్లు, వ్యాపారులు, వలంటీర్ల కోసం పెట్టిన శిక్షణ సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండప్పా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. థియేటర్ల వాళ్లు ఒక పక్క, సంఘాల వాళ్లు ఒక పక్క కూర్చున్నారు. కలిసి కూర్చోండి. ఆ రోజు వచ్చిందంటే గేటుకు అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడేది మీరే. ఇప్పుడే ముఖాలు చూసుకుని ఫోన్ నంబర్లు తీసుకుంటే మంచిది.

ఏ రోజు? మనం ప్రాణంగా చూసుకునే హీరో పోయిన రోజు. ఆ మాట అనడానికే నోరు రాదు, నిజమే. అట్లాంటి మాటలు ఇప్పుడెందుకు అని ఇంట్లో పెద్దోళ్లు అంటారు. కానీ ఆ రోజు రానే వస్తుంది. ముందుగా మాట్లాడుకోని ఊర్లలో ఏం జరిగిందో చూసినాక, మాట్లాడుకోవడమే మేలని మీకే అనిపిస్తుంది.

2006 ఏప్రిల్ 12, బుధవారం, బెంగళూరు. మధ్యాహ్నం కన్నడ నటుడు డాక్టర్ రాజ్‌కుమార్ గారు కన్నుమూశారు. హిందూపురం, మడకశిర వాళ్లకు ఆయన ఎంతటివాడో నేను చెప్పక్కర్లేదు. 2000లో గంధపు చెక్కల దొంగ వీరప్పన్ ఆయన్ని ఎత్తుకుపోతే 108 రోజులు కర్ణాటక మొత్తం అల్లాడిపోయింది. అట్లాంటి మనిషి పోయాడు. సాయంత్రానికి ఆయన ఊర్లోనే బస్సులు తగలబడుతున్నాయి. పెట్రోలు బంకుల మీద, ఆఫీసుల అద్దాల మీద రాళ్లు పడుతున్నాయి. మరుసటి రోజు అంత్యక్రియలప్పుడు బాష్పవాయువు, కాల్పులు. రెండు రోజుల్లో ఎనిమిది మంది దాకా పోయారు. అందులో ఒకరు జనం కొట్టి చంపిన కానిస్టేబుల్.

ఇప్పుడు చెప్పండి. వచ్చినవాళ్లు ఎవరు? ఆయన్ని ప్రేమించినవాళ్లే కదా? కళ్లు దానం చేసిపోయిన మనిషి కోసం వచ్చినవాళ్లు ఒక కానిస్టేబుల్‌ను ఎట్ల చంపారు? పేపర్లో ఒక్క మాటతో తేల్చేస్తారు, ఉన్మాదం అని. టీవీలో అభిమానుల ఆగ్రహం అంటారు. ఈ మాటలతో మనకేం ఉపయోగం? ఉన్మాదమే అయితే చేయగలిగింది ఏముంది, తలుపులు వేసుకుని కూర్చోవడమే. నేను ఆ మాట ఒప్పుకోను. ఒప్పుకోకపోవడానికి అదే బెంగళూరులో ఆధారం ఉంది.

2021 అక్టోబర్ 29. ఆయన చిన్న కొడుకు పునీత్ రాజ్‌కుమార్. వయసు 46. ఉదయం బాగున్న మనిషి మధ్యాహ్నానికి లేడు. తండ్రికి 76 ఏళ్లు, పెద్దవయసు. ఈయనది నడివయసు, ఎవరూ ఊహించని చావు. లెక్క ప్రకారం గొడవ ఇంకా పెద్దది కావాలి కదా? అదే ఊరు. భౌతికకాయం పెట్టింది అదే కంఠీరవ స్టేడియంలో. ఖననం చేసింది అదే కంఠీరవ స్టూడియోలో, తండ్రి సమాధి దగ్గరే. లక్షల్లో జనం వచ్చారు. వచ్చి, లైన్లో నిలబడి, చూసి, ఏడ్చుకుంటూ ఇంటికి పోయారు. 2006లో అయినట్టు ఏమీ కాలేదు.

మధ్యలో పదిహేనేళ్లలో మనుషులు మారిపోయారా? ఏర్పాటు మారింది. ముఖ్యమంత్రే ఆసుపత్రికి వెళ్లారు. బందోబస్తు ముందే దిగింది. నగరంలో మద్యం అమ్మకాలు 31 దాకా ఆపేశారు. ఎక్కడ చూడొచ్చో ఆ రోజే చెప్పేశారు. 30న అనుకున్న అంత్యక్రియల్ని 31కి జరిపారు. కూతురు అమెరికా నుంచి రావాల్సి ఉంది, అదొక కారణం. దాంతో జనానికి ఇంకో పగలు, ఇంకో రాత్రి దొరికింది. చివరికి 31న తెల్లారకముందే స్టేడియం నుంచి బయల్దేరదీసి, పొద్దున్నే కార్యక్రమం ముగించారు. ఊరు నిద్రలేచేసరికి అయిపోయింది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. మళ్లీ మళ్లీ అదే చెప్తాను, విసుక్కోవద్దు. దుఃఖంలో ఉన్న మనిషికి మూడు ప్రశ్నలుంటాయి. నిజమేనా? ఎక్కడ చూడొచ్చు? ఎప్పటిదాకా చూడొచ్చు? ఈ మూడింటికి జవాబు దొరికితే అతను లైన్లో నిలబడతాడు. దొరకకపోతే అతని చేతికి రాయి వస్తుంది. జవాబు చెప్పడానికి మనకుండే టైము ఆరు గంటలు, అంతకంటే ఉండదు. మధ్యాహ్నం వార్త వస్తే చీకటి పడేలోపల చెప్పాలి.

నిజమేనా?

మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాం. 2016 డిసెంబర్ 5, చెన్నై, అపోలో ఆసుపత్రి. జయలలిత గారు 75 రోజులుగా లోపల ఉన్నారు. ముందురోజు సాయంత్రం గుండె ఆగింది. ఇక 5వ తేదీ సాయంత్రం కొన్ని చానళ్లు ఆమె పోయారని వేసేశాయి. పార్టీ ఆఫీసులో జెండా సగానికి దించారు. ఆసుపత్రి వాళ్లు కాదు, చికిత్స జరుగుతోంది అన్నారు. జెండా మళ్లీ పైకి ఎక్కించారు. ఆసుపత్రి బయట నిలబడినవాళ్ల పరిస్థితి ఆలోచించండి. ఒకసారి ఏడ్చారు, ఒకసారి ఊపిరి పీల్చుకున్నారు, ఆ తర్వాత ఎవరి మాటా నమ్మలేదు. అక్కడ తోపులాట జరిగింది ఆ సాయంత్రమే. అర్ధరాత్రి దాటాక అధికారికంగా చెప్పారు, మరుసటి రోజు రాజాజీ హాల్లో పెట్టి మెరీనాకు తీసుకుపోయారు. అది ప్రశాంతంగానే జరిగింది. గమనించారా? చావు తెలిసిన రోజు కంటే తెలియని సాయంత్రమే ప్రమాదం.

మన సీమలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఆయన సినిమా నటుడు కాదు, కానీ జనం గుండెల్లో అంత చోటు ఉన్న మనిషి. 2009 సెప్టెంబర్ 2న వైఎస్ గారి హెలికాప్టర్ నల్లమలలో కనపడకుండా పోయింది. ఒక పగలు, ఒక రాత్రి ఎవరికీ ఏమీ తెలియదు. అంతటి నిరీక్షణలోనూ జనం పెద్దగా చెయ్యి దాటలేదు. దాటింది ఎప్పుడు? నాలుగు నెలల తర్వాత, 2010 జనవరిలో. ఆయన చావు వెనక ఒక కంపెనీ ఉందని విదేశీ వెబ్‌సైట్లో వచ్చిన ఒక ఆధారం లేని కథనాన్ని ఒక చానల్ ప్రసారం చేస్తే, ఆ రాత్రే రాష్ట్రమంతా ఆ కంపెనీ దుకాణాల మీద దాడులు జరిగాయి. పుకారుకు కాలపరిమితి లేదప్పా. కర్మకాండ అయిపోయింది కదా అని గ్రూపుల్ని వదిలేయొద్దు.

మరి సంఘం వాళ్లు ఏం చేయాలి? వాట్సాప్ గ్రూపుల్లో ఆ క్షణం నుంచి పోస్టు పెట్టే హక్కు అడ్మిన్లకే ఉండేట్టు మార్చండి. సెట్టింగుల్లో ఒక నిమిషం పని. పట్టణ గ్రూపు, మండల గ్రూపులు అన్నీ ఒకేసారి. కుటుంబం నుంచో, ఆసుపత్రి బులెటిన్ నుంచో, ప్రభుత్వం నుంచో వచ్చింది తప్ప ఏదీ ఫార్వర్డ్ చేయొద్దు. గంటకొకసారి ఒక మెసేజ్ పెట్టండి. కొత్త సంగతి ఏమీ లేకపోయినా పెట్టండి. "సాయంత్రం 4 గంటలు. దర్శనం ఎక్కడన్నది ఇంకా చెప్పలేదు. 5 గంటలకు మళ్లీ చెప్తాం. బయల్దేరకండి." అంతే చాలు. ఐదింటికి మళ్లీ చెప్తామన్నారు కదా, ఐదు దాకా మనిషి ఆగుతాడు. ఏమీ చెప్పకపోతే ఆగడు, బండి తీస్తాడు.

బండి తీస్తే యాడికి పోతాడు? ఇది ముఖ్యం. ఇల్లు ఎక్కడుందో తెలుసు కాబట్టి ఇంటికి పోతాడు. 2006లో బెంగళూరు సదాశివనగర్‌లో రాజ్‌కుమార్ గారి ఇంటి దగ్గర అదే జరిగింది. ఏ హీరో ఇల్లైనా ఉండేది కాలనీలోనే. సందులు ఇరుకు. అంబులెన్స్ తిరగడానికే జాగా ఉండదు. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు, రావాల్సిన బంధువులు. వేలమంది అక్కడ చేరినాక శవాన్ని బయటికి తేవడం కష్టం, లోపల పెట్టి చూపించడం ఇంకా కష్టం. అందుకని ఇంటి దగ్గర దర్శనం లేదు అన్న మాట మొదటి ప్రకటనలోనే ఉండాలి. ఫలానా మైదానంలో, ఫలానా టైము నుంచి అన్న మాట దాని పక్కనే ఉండాలి. లేదు అని మాత్రం చెప్పి ఊరుకుంటే పని జరగదు.

ఎక్కడ, ఎప్పటిదాకా?

ఇప్పుడు లెక్క చేద్దాం. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉన్నోళ్లు తీయండి. చాలా గొడవలు ఈ లెక్క వేయకపోవడం వల్లే వచ్చాయి.

ఒకే వరస. మనిషి ఆగకుండా, నడుస్తూ దండం పెట్టి పోతే ఒక్కొక్కరికి రెండు సెకన్లు. నిమిషానికి 30 మంది, గంటకు 1,800. అదే మనిషి ఆగి, కాళ్లు తాకి, ఫోన్ తీసి ఫోటో కొడితే ఆరు సెకన్లు. నిమిషానికి పది మంది, గంటకు 600. చూశారా, నాలుగు సెకన్ల తేడాకు 1,200 మంది బయట మిగిలిపోయారు. ఒక్క గంటలో. రెండు వైపులా వరసలు పెడితే గంటకు 3,600. సాయంత్రం ఆరు నుంచి మరుసటి రోజు మధ్యాహ్నం పన్నెండు దాకా 18 గంటలు. 64,800 మంది. అదీ ఒక్క నిమిషం కూడా ఆగకపోతే.

వచ్చింది రెండు లక్షలనుకోండి. మిగతా లక్షా ముప్పై అయిదు వేల మంది ఏం కావాలి? పన్నెండు గంటలు నిలబడినాక "టైము అయిపోయింది, గేటు మూస్తున్నాం" అంటే మీరైతే ఏం చేస్తారు? నిలబడిన వాడి తప్పు ఏముంది? లెక్క వేయకుండా పిలిచినవాళ్ల తప్పు అది.

దారి లేదా? ఉంది. మెట్లలాగా మూడు ఎత్తుల్లో చెక్క వేదిక కడితే ఒక్కో వైపు మూడు వరసలు నడుస్తాయి. వెనక వరసవాడు ముందువాడి తల మీదుగా చూస్తాడు. ఆరు వరసలు, గంటకు 10,800. అదే 18 గంటల్లో 1,94,400. కావాల్సింది ఏంటి? పందిరి సామాన్ల వాళ్ల దగ్గర దొరికే చెక్కలు, పైపులు, ఒక రాత్రి పని. మొదటి ఆరు గంటల్లో మొదలుపెడితేనే అవుతుంది.

ఇంకోటి, వీఐపీలు. ఒక్కో పెద్దమనిషి వచ్చినప్పుడు లైను పది నిమిషాలు ఆపుతారు. గంటకు ముగ్గురు వస్తే సగం గంట పోయినట్టే. లెక్కలో 10,800 అన్నది 5,400 అయింది. బయట ఉన్నవాళ్లకు పెద్ద స్క్రీన్ మీద అది కనపడుతూ ఉంటుంది. కార్లు పోతున్నాయి, మేము నిలబడే ఉన్నాం. అక్కడ మొదలవుతుంది కేక. వీఐపీలకు తలవైపు నుంచి వేరే దారి పెట్టాలి, జనం లైను కాళ్లవైపు నుంచి నడుస్తూనే ఉండాలి. వాళ్లు పూలదండ వేస్తుండగానే వీళ్లూ దండం పెట్టుకుని పోవాలి. లైను ఆగకూడదు. ఏమైనా సరే ఆగకూడదు.

లైను పొడవు కూడా వేసుకోండి. ఇద్దరిద్దరు పక్కపక్కన, వరసకు వరసకు మధ్య ఒక మీటరు. 3,600 మందికి 1,800 మీటర్లు. రెండు వైపుల దర్శనంతో గంట సేపు నిలబడే జనమే దాదాపు రెండు కిలోమీటర్లు పాకుతారు. మన టవర్ క్లాక్ దగ్గర, సప్తగిరి సర్కిల్ దగ్గర అంత లైను నడిరోడ్డు మీద పెడితే ఊరు ఆగిపోతుంది. మైదానంలోనే తాళ్లు కట్టి అటూ ఇటూ మలుపులు తిప్పాలి. మలుపుల దగ్గర వెడల్పు ఎక్కువ ఉంచాలి. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సు అందరూ చూసినదే. కంపార్ట్‌మెంట్లు ఎందుకు కట్టారు? వెనకవాళ్ల ఒత్తిడి ముందువాళ్ల మీద పడకూడదని. అట్లనే రెండు వందల మందికి ఒక గడి, గడికీ గడికీ మధ్య ఖాళీ, ఆ ఖాళీలో నీళ్లు, ఒక వలంటీరు. "ఇక్కడి నుంచి నాలుగు గంటలు" అని బోర్డు. లైను చివర ఒక మనిషి, చేతిలో బోర్డు, "ఇదే చివర" అని. మూసేది ఎప్పుడన్నా ఉంటే, చివర మూయండి. ముందు గేటు మూయొద్దు. అర్థమైందా తమ్ముడూ? నిలబడిన వాడికి దర్శనం ఖాయం, కొత్తగా వచ్చినవాడికి ఊరేగింపు దారి చెప్పాలి.

ఊరేగింపు అంటే అది కూడా దర్శనమే. లైన్లో అందనివాళ్లకు అదే దిక్కు. కాబట్టి బండి ఎత్తుగా ఉండాలి. చుట్టూ పూలు గోడలాగా పేర్చి మనిషి ముఖం కనపడకుండా చేస్తారు, అది పెద్ద పొరపాటు. ఫ్రీజర్ బాక్సులో పెడితే అద్దం మీద తేమ పడుతుంది, లోపల ఏమీ కనపడదు. కనపడకపోతే జనం బండి దగ్గరికి వస్తారు, బండి ఆగుతుంది, ఆగితే ఇంకా వస్తారు. ఇద్దరు మనుషులు బట్ట పట్టుకుని ఆ అద్దం తుడుస్తూనే ఉండాలి. బాక్సుకు కరెంటు కావాలి, బండి మీదే జనరేటరు ఉండాలి, డీజిల్ నింపి ఉండాలి. బండి మీద కుటుంబం, డ్రైవరు, ఇద్దరు సాయం తప్ప ఎవరూ ఎక్కకూడదు. 1987 డిసెంబర్‌లో ఎంజీఆర్ గారి శవపేటిక ఉన్న బండి మీద నుంచి జయలలిత గారిని తోసేశారు. వారసత్వం తగవు శవం పక్కనే బయటపడింది. ఆ రోజుల్లో చెన్నైలో దుకాణాలు దోచుకున్నారు, మౌంట్ రోడ్డులో కరుణానిధి విగ్రహం పగలగొట్టారు, ఎంతోమంది ప్రాణాలు పోయాయి. రాజకీయం కలిసిన చోట దుఃఖానికి ముందే ఒక శత్రువు తయారుగా ఉంటాడు. మన హిందూపురం మూడుసార్లు గెలిపించుకున్న ఎన్టీఆర్ గారు 1996 జనవరి 18న పోయినప్పుడు, అంతకు అయిదు నెలల కిందటే ఆయన పదవి పోయి ఉంది. జనం గుండెల్లో రెండు బాధలు కలిశాయి. అట్లాంటి సందర్భంలో మైకు రాజకీయ నాయకుల చేతికి ఇవ్వొద్దు. దర్శనం అయ్యేదాకా ఇవ్వొద్దు.

తోపులాటలో ఊపిరి ఎట్ల పోతుంది

దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. ప్రాణాలు పోయేది ఇక్కడే. తొక్కి చంపేశారు అంటాం. చాలామంది నిలబడే పోతారు. ఒక చదరపు మీటరులో ఇద్దరు ముగ్గురుంటే హాయిగా కదులుతారు. నలుగురంటే ఇబ్బంది. ఐదు దాటితే ప్రమాదం. ఆరేడుగురయ్యారంటే ఇక ఎవరి కాళ్లు వాళ్ల మాట వినవు. వెనక ఒకడు అడుగు వేస్తే ముందు వందమంది ఊగుతారు. ఛాతీ నాలుగు వైపుల నుంచి నొక్కుకుపోయి, గాలి లోపలికి తీసుకోవడానికి పక్కటెముకలు విచ్చుకోవు. అట్ల కొన్ని నిమిషాలు చాలు.

వెనకవాడికి ఇది తెలియదు. ముందు ఖాళీ ఉందేమో, వీళ్లు కావాలని ఆగారేమో అనుకుంటాడు. శెనక్కాయల బస్తా మూతి కొంచెమే విప్పి తిరగేస్తే ఏమవుతుంది? కాయలు ఒకదానికొకటి అడ్డుపడి ఆగిపోతాయి, ఎంత కుదిపితే అంత బిగుస్తాయి. గేటు దగ్గర అదే. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. ఒక గేటు తెరుచుకునేసరికి టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా వచ్చారు. అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట పదకొండు మంది. అది చావు సందర్భం కాదు, ఐపీఎల్ గెలిచిన సంబరం. ఊరేగింపు ఉందా లేదా, పాసు కావాలా వద్దా, ఎవరికీ సరిగ్గా తెలియదు. 2021లో అంత బాగా చేసిన ఊరే అది. దుఃఖమైనా సంతోషమైనా శరీరాలకు తేడా తెలియదు. సమాచారం తప్పితే ఫలితం ఒకటే.

పోలీసు సోదరులు ఉన్నారు కదా, మీకొక మాట. జనం వెనక భాగం మీద లాఠీ ఎత్తితే వాళ్లు ముందుకే పరిగెత్తుతారు. ముందు ఉన్నవాళ్లు గోడకు నొక్కుకుపోతారు. చెదరగొట్టే ముందు ఎటు పోవాలో దారి తెరవాలి, మైకులో ఆ దారి పేరు చెప్పాలి. పోయే దారి వచ్చే దారికంటే వెడల్పుగా ఉండాలి. బ్యారికేడ్లలో కొంచెం దూరానికొక అత్యవసర గేటు ఉండాలి, దాని తాళం అక్కడ నిలబడిన మనిషి దగ్గరే ఉండాలి. స్టేషన్లో ఉండే తాళం ఎందుకు పనికొస్తుంది? ఇంకోటి, అద్దాలు. 1926 ఆగస్టులో న్యూయార్క్‌లో వాలెంటినో అనే హీరో పోతే, శవాన్ని పెట్టిన భవనం ముందు జనం ఒత్తిడికి పెద్ద కిటికీ అద్దం పగిలి లోపల పడ్డారు. వందమంది దాకా గాయపడ్డారు. వందేళ్ల కిందటి సంగతి. ఈ రోజుకీ మన మొబైల్ షాపుల ముందు అదే అద్దం. దర్శనం దారిలో ఉండే అద్దాల షాపుల ముందు ప్లైవుడ్ కొట్టించండి.

మీరే ఇరుక్కుంటే? చేతులు రెండూ ఛాతీ ముందుకు తెచ్చి పెట్టుకోండి, బాక్సింగ్ చేసేవాడిలా. అది ఊపిరికి జాగా. చెప్పు పోయినా, ఫోన్ పడినా వంగొద్దు. అలకు ఎదురు తొయ్యొద్దు. ఊగినప్పుడు దానితోపాటు పోయి, ఆగినప్పుడు ఏటవాలుగా పక్కకు ఒక్కో అడుగు జరగండి. గోడ పక్కకు పోవద్దు. పడిపోతే పక్కకు తిరిగి ముడుచుకుని తల కప్పుకోండి, వెల్లకిలా పడొద్దు. అరవడం తగ్గించండి, అరుపు ఊపిరి తినేస్తుంది. చిన్నపిల్లల్ని అసలు తీసుకురావద్దమ్మా. ఏ హీరో కూడా మీ బిడ్డను అక్కడికి రమ్మనడు.

మన ఊర్లో, శవం లేని చోట

ఇంతవరకు బెంగళూరు, చెన్నై. అనంతపురంలో భౌతికకాయం ఉండదు. అయినా ఇక్కడ గొడవ ఎందుకవుతుంది? చూడడానికి ఏమీ లేకనే అవుతుంది. గుంపు చేరింది, ఏడ్వడానికి ఒక చోటు లేదు, చేయడానికి ఒక పని లేదు. అప్పుడు పని వెతుక్కుంటారు. షట్టర్లు దించమంటారు. టైర్లు తెస్తారు. బస్సు ఆపుతారు.

గుంపు మొదట చేరేది థియేటరు దగ్గర. వాళ్లు కలుసుకునే చోటు అదే కాబట్టి. మేనేజర్లు రాసుకోండి. వార్త ఖాయమైన పది నిమిషాల్లో ఆట ఆపేసి, లైట్లు వేసి, తెర మీద లేకపోతే మైకులో సంగతి చెప్పండి. టికెట్ డబ్బులు తిరిగి ఇస్తామని అదే నోట చెప్పండి, కౌంటర్లన్నీ తెరవండి. వెళ్లే గేట్లన్నీ తీయండి. గుంపు వచ్చి "ఆపండి" అని అడిగేదాకా ఉంటే, ఆ మాట అడగడంలోనే రాయి ఉంటుంది. కాంపౌండు బయట, గేటుకు పక్కన, పెద్ద ఫోటో, దండ, దీపం, రెండు బెంచీలు, నీళ్ల డ్రమ్ము పెట్టండి. సంతకాల పుస్తకం పెట్టండి. సంఘం వాళ్లు అక్కడ ఇద్దరు కూర్చోవాలి, రాత్రి దాకా. ఏడ్వడానికి ఒక చోటు దొరికింది. అది లేక ఎన్ని ఊర్లు తగలబడ్డాయో.

సంఘాల వాళ్లు బంద్‌కు పిలుపు ఇవ్వొద్దు. సంతాపంగా ఎవరిష్టం మీద వాళ్లు మూసుకుంటారు. మీరు పిలుపిస్తే, మూయని ఒక్క టీ కొట్టు దగ్గర మీ పిల్లలు పది మంది నిలబడతారు. ఆ పదిమందిలో ఇద్దరు తాగి ఉంటారు. మద్యం దుకాణాలు ఆ సాయంత్రానికి మూయించమని కలెక్టరాఫీసులో ముందే అడగండి. బంకుల వాళ్లు సీసాల్లో, క్యాన్లలో పెట్రోలు పోయొద్దు.

ఆర్టీసీ బస్సు మీద రాయి ఎందుకు పడుతుంది? పెద్దది, మెల్లగా పోతుంది, ప్రభుత్వానిది అనుకుంటారు. లోపల మన అవ్వలే కూర్చుని ఉంటారు. బెంగళూరులో ఏదన్నా జరిగితే మన బస్సులు కర్ణాటక సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆగుతాయి. అక్కడ దిగినవాళ్లకు నీళ్లు, అన్నం, రాత్రి ఉండడానికి చోటు ఎవరిది బాధ్యత? చిలమత్తూరు, హిందూపురం సంఘాలు ఆ పని తీసుకోండి. పిల్లలకు చేయడానికి పని ఉండాలన్నాను కదా. అదే పని.

కుర్రోళ్లకు చట్టం సంగతి సూటిగా చెప్పాలి. ప్రభుత్వ ఆస్తి పాడుచేస్తే 1984 చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు. నిప్పు పెడితే ఏడాదికి తగ్గకుండా పదేళ్ల దాకా. పాత 144 సెక్షన్, ఇప్పుడు 163, అంటే గుంపులు కూడొద్దన్న ఆదేశం అమల్లో ఉంటే గుంపుగా నిలబడడమే కేసు. అందరి చేతుల్లో ఫోన్లు, సర్కిళ్లలో కెమెరాలు. పాస్‌పోర్టుకు, కానిస్టేబుల్ ఉద్యోగానికి వెరిఫికేషన్ వచ్చినప్పుడు ఆ వీడియో బయటికి వస్తుంది.

వ్యాపారులకు, ఆటో అన్నలకు ఒక్క మాట. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే అల్లర్లలో మీ బండి కాలినా మీకు పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్సు, అంటే ప్యాకేజీ పాలసీ ఉంటే అల్లర్లు, సమ్మెల నష్టం అందులో ఉంటుంది. దుకాణాల ఫైర్ పాలసీలో కూడా ఆ అంశం ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. నష్టం జరిగితే ఊడ్చేయకండి. ముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, కంపెనీకి అదే రోజు ఫోన్ చేసి, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. సర్వేయరు వచ్చి చూసేదాకా పగిలిన అద్దం అక్కడే ఉండనీండి.

చివరగా, రాత్రి. గుంపు ఇళ్లకు పోయింది. ఇప్పుడు ఒంటరిగా ఉన్న పిల్లోడి సంగతి. చాలామంది పెద్ద నటుల చావు తర్వాత కొందరు అభిమానులు ప్రాణాలు తీసుకున్నారు. పునీత్ పోయినప్పుడు కూడా, అంత బాగా జరిగిన చోట కూడా. మీ సంఘంలో ఎవరు ఆ హీరోనే లోకంగా బతుకుతున్నారో మీకు తెలుసు. తిండి మానేసినవాడు, ఫోన్ ఎత్తనివాడు, "ఇక నాకెందుకు" అన్నవాడు. ఆ రాత్రి వాడి ఇంటికి ఇద్దరు పోవాలి. ధైర్యంగా ఉండు అని ఉపన్యాసం చెప్పొద్దు. పక్కన కూర్చోండి, అన్నం తినిపించండి, చచ్చిపోవాలని ఉందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. అడిగితే బరువు దిగుతుంది. వాడిని ఒంటరిగా వదలొద్దు. 14416 అని టెలీమానస్ నంబరు, మనసు బాగాలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. వాడి ఫోన్ నుంచే మీరే కలపండి. ఆ పేర్లను ఎప్పుడూ గ్రూపుల్లో వీరుల్లాగా ఫోటోలు పెట్టి తిప్పొద్దు. ఒకటి చూసి ఇంకొకడు పోతాడు. ఇది మూడో రోజు, పదో రోజు కూడా చూడాలి. పెద్దకర్మ నాడు మళ్లీ పోండి.

సరే. ఇప్పుడు కాగితాలు పంచుతున్నాం. దాంట్లో మూడు వరసలున్నాయి. థియేటరు, దాని మేనేజరు నంబరు. ఆ థియేటరు దగ్గర కూర్చునే ఇద్దరు సంఘం మనుషులు. ఆ వీధికి బాధ్యత ఉన్న స్టేషను నంబరు. ముందు థియేటర్ల వాళ్లు రాయండి. ఖాళీ వదలొద్దు, పేరు దొరక్కపోతే ఇక్కడే పక్కనోళ్లను అడగండి.